మల్లెలకు పనివేళలు

మా సోమరాయపట్నం మున్సిపల్ కమిషనర్ త్రివిక్రమరావుగారిని మురుగుకాలువల నిర్వహణ నేర్చుకురమ్మని పైవాళ్ళు పదకొండు రోజులు విదేశానికి పంపించారు. ఆయన వెళ్ళారు, చూశారు, తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే విలేకరుల్ని పిలిచి, తాను బస చేసిన హోటల్లో గదిగదికీ ఒక కూజాలో పూలు పెట్టి ఉన్నాయనీ, ఆ పదకొండు రోజుల్లో తనకు ఎక్కడా మురుగు వాసన తగల్లేదనీ, ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టిన మొట్టమొదటి కమిషనర్ తానేననీ ప్రకటించారు. మా వీధి కాలువ ఆ రోజు కూడా పొంగి పొర్లుతూనే ఉంది. దాని సంగతి ఎవరూ అడగలేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాని పేరు వసంత గృహ పుష్పాలంకరణ పథకం. ప్రతి ఇంటి ముందుగదిలో ఒక పాత్ర ఉండాలి. అందులో ఇంటి యజమాని స్వహస్తాలతో వసంతకాలపు పూలు అమర్చాలి. ఇంట్లో పూలమొక్క ఉన్నవాళ్ళు ఆ మొక్క పూలే వాడాలి, లేనివాళ్ళు కొనుక్కోవచ్చు. ఈ విద్య ఊళ్ళో ఎవరికీ రాదు కాబట్టి అందర్నీ ఒక్క సంతకంతో 'ప్రారంభకులు'గా నమోదు చేసేశారు. సంత దగ్గర నూకాలమ్మ నలభై ఏళ్ళుగా పూలదండలు కట్టి అమ్ముతోంది. ఆవిడా ప్రారంభకురాలే.

నా పేరు పేర్రాజు. బస్సు డిపోలో కంట్రోలర్‌గా ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పువ్వన్నది నా చేతికి తగిలింది రెండుసార్లు. పెళ్ళిలో దండలు మార్చుకున్నప్పుడొకటి, రిటైర్మెంటు సభలో మెడలోంచి తీసి బల్ల మీద పెట్టినప్పుడొకటి. మధ్యలో ముప్పై నాలుగేళ్ళూ ఇంట్లో పూల వ్యవహారమంతా మా ఆవిడ మంగతాయారుదే. తాయారు పల్లెటూళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సుగా చేసింది. ఇల్లయినా, మొక్కయినా, మొగుడైనా ఆవిడ చెప్పినట్టు వినాల్సిందే.

మా మేడమెట్ల పక్కన సిమెంటు తొట్టిలో ఒక మల్లెమొక్క ఉంది. తాయారు మూడేళ్ళ కిందట తెచ్చి పాతింది. మూడేళ్ళూ ఆకులే తప్ప ఒక్క మొగ్గ లేదు. ఈ ఏడాది మాఘమాసంలో ఆవిడకి పట్టుదల వచ్చింది. నీళ్ళు కట్టేసి, ఉన్న ఆకంతా చేత్తో దూసేసింది. చంపేస్తున్నావే దాన్ని అన్నాను. మీకు తెలీదు ఊరుకోండి అంది. ఫాల్గుణంలో మళ్ళీ నీళ్ళు పొయ్యడం మొదలెడితే ఒళ్ళంతా చిగురు పట్టి, కొసకొసకీ మొగ్గలు తొడిగింది. ఆ సంబరంలో బకెట్టుతో మెట్లెక్కుతూ తాయారు కాలు జారి పడింది. కుడిచెయ్యి మణికట్టు పైన విరిగింది. నలభై అయిదు రోజులు కట్టు తియ్యకూడదన్నారు. కట్టు వేస్తున్న డాక్టరుగారిని ఆవిడ అడిగిందల్లా, మొక్కకి నీళ్ళెవరు పోస్తారండీ అని.

ఆ మొక్క ఉండబట్టే మా ఇల్లు 'మల్లె కుటుంబం' కింద నమోదైంది. పథకంతో పాటు అరవై నాలుగు పేజీల ప్రారంభకుల కరదీపిక ఒకటి ఇచ్చి వెళ్ళారు. ముందుగదిలో మంచం మీదున్న తాయారు, వేరే పనేమీ లేక, దాన్ని ఎడంచేత్తో పట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివింది.

"ఆకాశపుష్పం, మధ్యమపుష్పం, భూపుష్పం అని మూడు ఎత్తుల్లో ఉండాలటండీ. పెద్దది చెంబు కన్నా ఒకటిన్నర రెట్లు పొడుగుండాలట."

"మల్లెమొగ్గకి కాడ ఎక్కడుంది తాయారూ, ఒకటిన్నర రెట్లు నిలబడడానికి?"

"అది రాయలేదు."

ఆలోచించి ఆలోచించి చీపురుపుల్లలు తెచ్చాను. మూడు ఎత్తుల్లో విరిచి, ఒక్కో పుల్లకీ మొగ్గలు గుచ్చి, ఇత్తడి చెంబులో ఇసక పోసి నిలబెట్టాను. దూరం నుంచి చూస్తే పళ్ళు తోముకునే బ్రష్షుల్లా ఉన్నాయి. తాయారు చూసి, నవ్వితే చెయ్యి కదిలి నొప్పెడుతుందని మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు పదకొండింటికి పుష్ప పరిశీలకుడు సదానందం వచ్చాడు. నిన్నమొన్నటి దాకా దోమల విభాగంలో నీళ్ళతొట్లు తనిఖీ చేసేవాడు. ఆ అలవాటు కొద్దీ ముందు చెంబులోకి టార్చి వేసి చూశాడు. తర్వాత ఫారం తీశాడు.

"వంద మార్కులతో మొదలెడతామండి. లోపానికి మూడు చొప్పున తీసేస్తాం. యాభైకి తగ్గితే తప్పినట్టు. విచ్చని మొగ్గలు, వాడిన పువ్వులు, రాలిన రేకులు, ఇవండీ గళ్ళు."

"బాగున్నందుకు ఎన్ని వేస్తారు?"

"బాగుండడం అని గడి లేదండి." అతను మొగ్గలు లెక్కపెట్టాడు. "విచ్చనివి ఇరవై రెండు. అరవై ఆరు పోయాయి. మీకు ముప్పై నాలుగండి."

"సదానందంగారూ, అవి మల్లెలు. సాయంత్రం ఆరున్నరకి విచ్చుకుంటాయి."

"నా డ్యూటీ పదిన్నర నించి అయిదు దాకానండి," అన్నాడతను జాలిగా, ఆ తప్పు మల్లెలదే అన్నట్టు.

రెండో తనిఖీకి ఇంకో దారి వెతికాను. ముందురోజు సాయంత్రం చక్కగా విచ్చుకున్న ఇరవై ఏడు పూలు గుచ్చి ఉంచాను. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. తెల్లారేసరికి అంచులు ఎర్రబారాయి, పదకొండు గంటలకి గోధుమరంగులో వేలాడాయి. సదానందం టార్చి వేసి చూశాడు.

"వాడినవి ఇరవై ఏడండి. ఎనభై ఒకటి పోయింది. పంతొమ్మిది."

పోతూ పోతూ ఒక నోటీసు ఇచ్చాడు. మూడోసారి కూడా తప్పితే 'వికసన బాధ్యతలో విఫలమైన సదరు మొక్క'ను పెకలించి పుష్ప క్రమశిక్షణ కేంద్రానికి తరలిస్తారట. పార్కు వెనక వీధికుక్కల్ని పట్టి పెట్టే రేకులషెడ్డు ఉండేది. దానికే ఇప్పుడు ఈ పేరు పెట్టారు. అప్పటికే మూడుసార్లూ తప్పి మా వీధిలో ఏడు తొట్లు ఆ షెడ్డుకి వెళ్ళిపోయాయి. ఎదురింటి జగ్గాయమ్మగారు తన మొక్కని తోపుడుబండి ఎక్కిస్తుంటే, దారిలో పొయ్యమని సీసాతో నీళ్ళు కూడా ఇచ్చి పంపింది. మూడో రోజుకి ఆ మొక్క ఎండిపోయిందని తెలిసింది. తాయారు ఆ కబురు విని మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఇక లాభం లేదని కమిషనర్‌గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గదిలో బల్ల మీద గులాబీలున్నాయి. గులాబీకి కాడ ఉంటుంది, పగలు విచ్చుకుంటుంది. అధికారుల పువ్వు అది.

"సమస్య మల్లెది కాదు పేర్రాజుగారూ, మనస్తత్వానిది," అన్నారు త్రివిక్రమరావుగారు. "ప్రజాధనంతో నడిచే పథకానికి ప్రతి అంగమూ సహకరించాలి. పుష్పం ఒక అంగం."

"తమరు చెప్పింది నిజమేనండి. సదానందంగారిని ఒక్క రోజు సాయంత్రం ఆరున్నరకి పంపిస్తే సరిపోతుంది గదండీ?"

"అసాధ్యం. పనివేళల మార్పునకు ఉద్యోగుల సంఘం అంగీకరించాలి. అంగీకరించదు."

"మరెలాగండి?"

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచినప్పుడు మొహం వెలిగిపోయింది.

"మల్లెలకు సంఘం లేదు," అన్నారు.

నేనింకా కుర్చీలో ఉండగానే గుమాస్తాని పిలిచి చెప్పి రాయించారు. 'పురపాలక పరిధిలోని సమస్త మల్లెలు పనిదినములందు ఉదయం పదిన్నర మొదలు సాయంత్రం ఐదు గంటలలోపు వికసించవలెను. ఆదివారములందు, ప్రభుత్వ సెలవు దినములందు వికసనము ఐచ్ఛికము. ఉల్లంఘించిన మల్లెలపై తగు చర్యలు గైకొనబడును.' గుమాస్తా తలెత్తి, మధ్యాహ్న భోజన విరామం ఇవ్వాలా సార్ అనడిగాడు. అరగంట ఇవ్వమన్నారు.

రెండు రోజుల తర్వాత మైకు కట్టిన ఆటో మా వీధిలోకి వచ్చింది. "సోమరాయపట్నం పుర మల్లెలకు విజ్ఞప్తి," అని మొదలెట్టి ఉత్తర్వంతా చదివింది. మల్లెతొట్టి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి రెండేసి సార్లు చదివింది. ఆటో వెనకాలే సదానందం నడిచొచ్చి, ఉత్తర్వు నకలు మా తొట్టికి జిగురుతో అంటించాడు. అందినట్టు మొక్క సంతకం పెట్టలేదు కాబట్టి మొక్క తరఫున నా చేత పెట్టించుకున్నాడు. చదువు రాని మొక్కల కోసం మైకు, చదువు వచ్చిన వాటి కోసం కాగితమనీ, ఎవరికీ అన్యాయం జరక్కూడదన్నది కమిషనర్‌గారి ఉద్దేశమనీ చెప్పాడు.

ఆ సాయంత్రం సరిగ్గా ఆరున్నరకి మల్లెలు విచ్చుకున్నాయి. కిటికీలోంచి వాసన రాగానే తాయారు అంది, "ఆర్డరు దీనికి అర్థమైనట్టు లేదండీ."

నవ్వుతూనే అంది గానీ, మూడో తనిఖీకి మూడు రోజులే ఉంది. మూడోసారి తప్పిన ఇంటికి కమిషనరే స్వయంగా బండి వెంటబెట్టుకుని వస్తారని చెప్పుకుంటున్నారు. నాకు నిద్ర పట్టడం మానేసింది. చివరికి సంత దగ్గరికి వెళ్ళి, మా సాటి ప్రారంభకురాలు నూకాలమ్మని సలహా అడిగాను.

"దానికేవుంది బాబుగారూ," అంది ఆవిడ దండ కడుతూనే. "మొగ్గలు అయిదింటికి కోసేసి, పల్చటి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పడెయ్యండి. చల్లదనానికి అలాగే ముడుచుకుని ఉంటాయి. పొద్దున్న పదింటికి తీసి బయట పెట్టారనుకోండి, పదకొండుకల్లా విచ్చుకుంటాయి. నేను పెళ్ళిళ్ళకి చేసేది అదే."

నాకు ప్రాణం లేచొచ్చింది. తనిఖీకి ముందురోజు అయిదింటికి మొక్క మీదున్న మొగ్గలన్నీ కోశాను. ముప్పై ఒకటి వచ్చాయి. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టాను. మొక్క గండం గట్టెక్కిందని తాయారుతో చెప్పాను. ఆవిడ ఊఁ అని ఊరుకుంది.

ఏడింటికి ఆవిడకి అన్నం కలిపిపెడదామని పెరుగు కోసం ఫ్రిజ్జు తలుపు తీశాను. ఒక్కసారిగా వాసన ముందుగది దాకా వచ్చేసింది. నేను గిన్నె పట్టుకుని వచ్చేసరికి తాయారు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఏడవగా నేను చూసింది తక్కువ. చెయ్యి విరిగిన రోజున కూడా ఏడవలేదు.

"నొప్పిగా ఉందా?"

"లేదు. ఆ వాసన ఫ్రిజ్జులో పెట్టుకుని ఏం చేసుకుంటామండీ? మూడేళ్ళు పెంచాను దాన్ని. నెల రోజుల నించీ పూస్తోంది. ఒక్క పువ్వు నా తల్లోకి రాలేదు. వచ్చినవన్నీ ఆ చెంబులోనే చస్తున్నాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. కమిషనర్ మీద కాదు, నా మీదే. నెల రోజులుగా ఆవిడ పూలని ఆవిడ కళ్ళెదుటే పుల్లలకి గుచ్చుతున్నాను. ఒక్కటి తీసి ఆవిడ చేతిలో పెట్టాలని నా బుర్రకి తట్టలేదు. ఛీ, ఏం మనిషిని అనిపించింది. లేచి వెళ్ళి ఫ్రిజ్జులోంచి మూట తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో విప్పాను.

"ఇదేంటండీ? రేపు తనిఖీ."

"తెలుసు."

"మొక్కని తీసుకుపోతారు."

"తీసుకుపోతే తీసుకుపోనీ. నీ తలకి లేని పూలు ఆ చెంబుకి ఎందుకు? దారం ఎక్కడుందో చెప్పు."

దారం ఎక్కడుందో చెప్పింది. అక్కణ్ణించి ఇద్దరికీ కష్టాలు మొదలయ్యాయి. మొగ్గలు రెండు అటు, రెండు ఇటు పెట్టి మెలిక వేసి బిగించాలి. వదులైతే జారిపోతాయి, బిగిస్తే తెగిపోతాయి. ఆవిడ ఎడంచేత్తో గాల్లో చూపిస్తుంటే నేను కట్టాను. ముప్పై ఒకటిలో ఇరవై దారానికి నిలబడ్డాయి. తెగిన పదకొండూ వాసనకైనా ఉంటాయని దిండు కింద దాచుకుంది. ఆ తర్వాత జడ. మూడు పాయలని తెలుసు గానీ, ఏది దేని మీదికి పోవాలో తెలీదు.

"నెమ్మదిగా లాగండి. అది బ్రేకు కాదు."

"ఇంతకాలం ఇది రోజూ నువ్వొక్కదానివే చేసుకున్నావా?"

"పక్కన మీరు పేపరు చదువుతూనే ఉండేవారు."

జడ అయ్యేసరికి వంకరగా, ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా తయారైంది. దానికి దండ తురిమాను. ఫ్రిజ్జు చల్లదనం వదిలేసరికి మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలెట్టాయి. తాయారు ఎడంచేత్తో అద్దం పట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. రేపటి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

తెల్లారి పదకొండింటికి సదానందం, అతని వెనక కమిషనర్‌గారు, వాళ్ళ వెనక పలుగుతో ఇద్దరు మనుషులు, తోపుడుబండి వచ్చారు. వీధివాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ముందుగదిలో స్టూలు మీద ఇత్తడి చెంబు ఉంది. అందులో ఇసక, మూడు ఎత్తుల్లో మూడు చీపురుపుల్లలు. వాటికి పువ్వన్నది లేదు. ఆ పుల్లలు పీకి అవతల పారేసే ఓపిక కూడా నాకు లేకపోయింది.

సదానందం టార్చి వేసి చూశాడు. ఫారం చూశాడు. మళ్ళీ చెంబు చూశాడు.

"విచ్చని మొగ్గలు సున్నా. వాడిన పువ్వులు సున్నా. రాలిన రేకులు సున్నా. వందండి. వందకి వంద."

కమిషనర్‌గారు అడిగారు, "పువ్వులేవయ్యా?"

"పువ్వులుండాలని ఫారంలో గడి లేదు సార్. తమరు ఆమోదించిన ఫారమే."

అంతలో సదానందం కళ్ళు తాయారు జడ మీద పడ్డాయి. వృత్తిధర్మం ఊరుకోనిచ్చింది కాదు. "అవిగోండి సార్, వాడినవి. ఇరవై ఉన్నాయి. అరవై మార్కులు తీసెయ్యాలి. నలభై. తప్పినట్టే."

బండి మనుషులు పలుగు ఎత్తారు. తాయారు మాత్రం కంగారు పడకుండా దిండు పక్కనున్న కరదీపిక తీసి, పేజీ వెతికి, తీరిగ్గా చదివింది.

"పద్నాలుగో నిబంధన. 'శిరోజములందు ధరించిన పుష్పములు ఏ విధమైన గణనలోనూ పరిగణింపబడవు.' కింద మీ సంతకం ఉందండి, కమిషనర్‌గారూ."

ఆయన పుస్తకం అందుకుని తన సంతకాన్ని గౌరవంగా చూసుకున్నారు. ఊళ్ళో అన్ని ఇళ్ళూ తనిఖీ చేస్తే వందకి వంద వచ్చిన ఇల్లు ఇదొక్కటే. వారం రోజుల్లో రాష్ట్రస్థాయి బృందం వస్తోంది. ఆయన చెంబు చుట్టూ రెండుసార్లు తిరిగారు. మూడోసారి తిరిగేటప్పుడు నడకలో భక్తి కనిపించింది.

"సదానందం, రాసుకో," అన్నారు. "వాడడానికి లేదు. ఆలస్యంగా విచ్చడానికి లేదు. రాలడానికి లేదు. పుష్పరహిత పుష్పాలంకరణ. నేను విదేశంలో చూసింది దీనికి తొలిమెట్టు మాత్రమే. ఈ పేర్రాజుగారు ప్రారంభకుడు కాదు, నిష్ణాతుడు."

"మరి మొక్క సార్?"

"పువ్వులతో నిమిత్తం లేని అలంకరణలో మొక్క విఫలమయ్యే ప్రశ్న ఉత్పన్నం కాదు."

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మర్నాడు మైకు ఆటో మళ్ళీ తిరిగింది, ఈసారి మనుషుల కోసం. ఊరంతా చెంబుల్లో ఇసక పోసి చీపురుపుల్లలు నిలబెట్టింది. రేకులషెడ్డులో బతికున్న తొట్లన్నీ ఇళ్ళకి తిరిగొచ్చాయి. జగ్గాయమ్మగారిది తప్ప. తాయారు మా మొక్క నించి ఒక కొమ్మ అంటు కట్టించి ఆవిడకి ఇచ్చింది. ప్రతి ఇంటికీ వందకి వంద వచ్చింది. రాష్ట్రస్థాయి బృందం నిర్ఘాంతపోయి, సోమరాయపట్నానికి ప్రథమ బహుమతి ప్రకటించి వెళ్ళింది. నాకొక నిష్ణాత పత్రం అద్దం కట్టించి ఇచ్చారు.

నలభై అయిదో రోజున తాయారు కట్టు విప్పారు. ఇంటికొచ్చి వేళ్ళు ఆడించి చూసుకుంది. బాగానే ఆడుతున్నాయి. సాయంత్రం తనే మొగ్గలు కోసుకుని పళ్ళెంలో పోసుకొచ్చింది. కింద చాప వేసుకుని నాకు వీపు పెట్టి కూర్చుని, పళ్ళెం వెనక్కి జరిపింది.

"చెయ్యి బాగైపోయింది గదా," అన్నాను.

"అయితే?" అంది, వెనక్కి తిరక్కుండా.

దండ కట్టి, జడ వేసి, తురిమాను. మునుపటి కన్నా నయంగా వచ్చిందనే అనుకున్నాను. ఆవిడ చెయ్యి పెట్టి తడిమి చూసి, "రెండుచోట్ల జారిపోతోంది," అంది. అయినా తీసి సరిచేసుకోలేదు. అలాగే చెప్పులు వేసుకుని, జగ్గాయమ్మగారికి చూపించి రావడానికి ఎదురింటికి వెళ్ళింది.